ఫోను అక్కడ మోగింది, బాడుగ ఇక్కడ వచ్చింది: మడివాళ వీధుల్లో కాల్ సెంటర్ల లెక్క

అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పాతికేళ్లుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. బ్యాంకుకు ఫోన్ చేసినా, కంప్యూటర్ పాడైందని ఫోన్ చేసినా అవతల ఎత్తేది తమ ఊరివాళ్లు కారని, ఆ ఉద్యోగాలన్నీ పరాయి దేశానికి తరలిపోయాయని. ఆ పరాయి దేశం మనదే. ఇంకా దగ్గరగా చెప్పాలంటే హోసూరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కోరమంగల, బొమ్మనహళ్లి, బీటీఎం లేఅవుట్, వాటి నడుమ మడివాళ. ఉద్యోగాలు పోయిన చోట ఏమైందో అక్కడి పత్రికలు బోలెడు రాశాయి. అవి వచ్చిన చోట, అంటే మన వీధుల్లో, ఏం మారిందో రాసినవాళ్లు తక్కువ. ఇప్పుడు అదే పని ఇక్కడి నుంచి కూడా కదులుతోంది కాబట్టి ఒకసారి మొదటి నుంచి చూడాలి.

మన పాఠకుల్లో చాలామంది ఈ ఊళ్లో రెండు మూడు తరాలుగా ఉన్నవాళ్లు. కొందరి తాతలు హెచ్‌ఏఎల్‌కో, ఐటీఐకో, బీఈఎల్‌కో పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. కొందరికి ఇక్కడే పొలాలు ఉండేవి, లేఅవుట్లు వేసినప్పుడు పొలం పోయి సైట్లు మిగిలాయి. కాల్ సెంటర్లో పనిచేసిన వాళ్లు మన ఇళ్లలో కొందరే ఉండొచ్చు. కానీ కాల్ సెంటర్ పిల్లలకు గది ఇచ్చిన ఇళ్లు, వాళ్లకు వంట చేసిన ఇళ్లు, వాళ్లను మోసిన క్యాబ్‌కు అప్పు కట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రెండో అంతస్తు మీద మూడోది వేయడానికి ధైర్యం ఇచ్చింది ఆ బాడుగే.

తీగ మీద వచ్చిన పని

ఫ్యాక్టరీ తరలించాలంటే యంత్రాలు విప్పాలి, ఓడలెక్కించాలి, కొత్త చోట షెడ్డు కట్టాలి. ఫోన్ ఎత్తే ఉద్యోగానికి అవేవీ అక్కర్లేదు. తీగ ఒక్కటి ఉంటే చాలు. ఆ తీగ మన దాకా రావడానికే టైం పట్టింది. 1990ల్లో ఐఎస్‌డీ బూత్‌లో అమెరికాకు ఫోన్ చేసి, మీటరు వంక చూస్తూ గబగబా మాట్లాడినవాళ్లకు అప్పటి ఖర్చు గుర్తుండే ఉంటుంది. నిమిషానికి అంత పెట్టి ఎవరూ ఇక్కడ కస్టమర్ సర్వీస్ నడపలేరు.

ఆ లెక్కను మార్చినవి మూడు. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను పెట్టి, ఎగుమతి చేసే కంపెనీలకు సొంత ఉపగ్రహ లింకులు, ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చింది. తర్వాత సముద్రం అడుగున ఫైబర్ కేబుళ్లు పడ్డాయి. 2002 ఏప్రిల్ 1న విదేశీ కాల్స్ మీద వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం ముగిసింది. కంపెనీలు నిమిషాల లెక్కన కాకుండా నెల బాడుగకు లైను తీసుకోవడం మొదలుపెట్టాయి. ఒహాయోలో ఒకామె టోల్ ఫ్రీ నంబరు నొక్కుతుంది. ఆ కాల్ అమెరికాలోనే ఒక యంత్రం దగ్గరికి వెళ్తుంది. అది ఖాళీగా ఉన్న సీటు ఎక్కడుందో వెతికి, లీజు లైను మీద బెంగళూరుకు పంపుతుంది. ఇదంతా రెండు రింగులు మోగేలోగా జరిగిపోతుంది. ఫోన్ ఎత్తింది ఎక్కడివారో ఆమెకు తెలియదు, ఆమెకు తెలియాల్సిన పని లేదని కంపెనీ అనుకుంది.

మొదట ఈ పనికి ఊతమిచ్చింది గుర్గావ్. జనరల్ ఎలక్ట్రిక్ అక్కడ 1997లో మొదలుపెట్టిన విభాగమే తర్వాత 2005లో జెన్‌ప్యాక్ట్ అయింది. బెంగళూరుకు 2000 నుంచి వరస కట్టాయి. ట్వంటీఫోర్ సెవెన్ కస్టమర్ అనే కంపెనీ 2000లో మొదలైంది. డెల్ 2001లో సపోర్ట్ సెంటర్ తెరిచింది. బ్రిటిష్ టెలికాం 2003 మార్చిలో బెంగళూరు, ఢిల్లీల్లో రెండు కేంద్రాలు పెడతామని, 2,200 మందిని తీసుకుంటామని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు బ్రిటన్‌లో 4,000 ఉద్యోగాలను ఆసియాకు మారుస్తామంది. అమెరికా పాత్రికేయుడు థామస్ ఫ్రీడ్‌మన్ 2004లో ట్వంటీఫోర్ సెవెన్ ఆఫీసులో రాత్రి షిఫ్టు చూసి వెళ్లి, ప్రపంచం చదునైపోయిందంటూ పుస్తకమే రాశాడు. చదునో కాదో గానీ, మడివాళలో మాత్రం ఇళ్లు నిలువుగా లేచాయి.

అప్పట్లో ప్రారంభ జీతం నెలకు 8 వేల నుంచి 12 వేల దాకా ఉండేది. అమెరికాలో అదే సీటుకు ఇవ్వాల్సిన దానిలో ఇది చిన్న ముక్క. ఇక్కడ మాత్రం పీయూసీ పాసై, డిగ్రీ మధ్యలో ఉన్న పిల్లవాడికి అది పెద్ద డబ్బు. ఫ్యాక్టరీలో పాతికేళ్లు చేసిన తండ్రి జీతానికి దగ్గరగా వచ్చే కొడుకు ఇంట్లో ఉంటే, ఆ ఇంట్లో మాట ఎవరిది చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు. పెళ్లి సంబంధాల్లో మొదట "రాత్రి ఉద్యోగమా?" అని ముఖం తిప్పుకున్నవాళ్లు, రెండు మూడేళ్లు తిరిగేసరికి "ఏ కంపెనీ?" అని అడగడం మొదలుపెట్టారు.

గడియారం మారిన సందులు

న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. వాళ్లు మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి గడియారం గంట జరుపుతారు. దాంతో ఏడాదికి రెండుసార్లు మడివాళ మెస్సుల్లో వంట వేళ కూడా గంట జరిగేది. బ్రిటన్ షిఫ్టు మధ్యాహ్నం ఒకటిన్నరకో రెండున్నరకో మొదలు. ఆస్ట్రేలియా వాళ్లది తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో. మూడు దేశాల పని ఒకే భవనంలో నడిస్తే, మూడు వేళల మనుషులు ఒకే పీజీలో ఉంటారు. అమెరికా షిఫ్టు వాడు పొద్దున వచ్చి పడుకునే మంచం మీద రాత్రి ఇంకొకడు పడుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఒక మంచానికి రెండు బాడుగలు. మంచిదని చెప్పను, జరిగిందది.

హోసూరు రోడ్డు, సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఉండడం మడివాళకు కలిసొచ్చింది. ఎలక్ట్రానిక్ సిటీకి దారి ఇదే, కోరమంగలకు నడిచి పోవచ్చు, ఊరికి వెళ్లాలంటే ప్రైవేటు బస్సులు ఇక్కడే ఎక్కొచ్చు. శుక్రవారం రాత్రి బస్సెక్కి సోమవారం పొద్దున దిగే పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? నెల్లూరు, ప్రకాశం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు పీజీలు లీజుకు తీసుకుని నడపడం మొదలుపెట్టారు. "ఆంధ్రా స్టైల్ భోజనం" అని బోర్డు మీద రాస్తే చాలు, ఒడిశా పిల్లవాడైనా వచ్చి చేరేవాడు. మన ఇళ్లవాళ్లు సొంతంగా నడిపింది కొద్ది, భవనం మొత్తం ఆపరేటర్‌కు అప్పజెప్పి నెలనెలా ఒకే మొత్తం పుచ్చుకున్నదే ఎక్కువ.

క్యాబ్‌ల సంగతి ఇంకో కథ. ఇంటింటికీ వెళ్లి ఎక్కించుకుని, తెల్లవారి దించే సుమోలు, క్వాలిస్‌లు వందల కొద్దీ తిరిగాయి. ట్రిప్పుల లెక్కన డబ్బులు కాబట్టి డ్రైవర్లు నిద్ర లేకుండా నడిపేవారు, ప్రమాదాలూ అలాగే జరిగాయి. 2005 డిసెంబరులో రాత్రి షిఫ్టుకు బయలుదేరిన ఒక యువతిని, తీసుకెళ్లడానికి వచ్చినవాడే చంపేసిన ఘటన ఊరిని కుదిపేసింది. మహిళలు రాత్రి పనిచేయవచ్చని అంతకుముందే కర్ణాటక ప్రభుత్వం ఐటీ, కాల్ సెంటర్ కంపెనీలకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుతో పాటు భద్రత బాధ్యత ఎవరిదనే ప్రశ్న అప్పుడు లేచింది. కంపెనీ అధికారి మీద దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం కింద పెట్టిన కేసును కొట్టివేయడానికి 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మహిళను క్యాబ్‌లో అందరికన్నా ముందు ఎక్కించుకోకూడదు, అందరికన్నా చివర దించకూడదు, ఒంటరిగా ఉంటే గార్డు తోడుండాలి అన్న పద్ధతులు గట్టిపడింది ఆ తర్వాతే. ఇవాళ ఏ ఆఫీసు క్యాబ్‌లోనైనా అది మామూలు నియమంలా కనిపిస్తుంది. దాని వెనక ఒక ప్రాణం ఉంది.

చివరి అచ్చు పోగొట్టుకోవడం

ట్రైనింగ్‌లో మన పిల్లలకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెప్పుకోదగ్గది. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలకకపోతే మన నాలుకకు తృప్తి ఉండదు. బస్సు, కారు, బిల్లు, కార్డు. అమెరికా కస్టమర్‌తో అలా పలికితే అవతల అర్థం కాదు. "మాతృభాష ప్రభావం" అని దానికి పేరు పెట్టి, మార్కులు తగ్గించి, వారాల తరబడి ఆ చివరి "ఉ"ను కోసేయించేవారు. అమెరికన్ సీరియల్స్ చూపించేవారు. పేర్లు కూడా మార్చేవారు, వెంకటేశ్వర్లు కాస్తా రాత్రికి విన్సెంట్ అయ్యేవాడు. మొదట్లో నవ్వొచ్చే విషయమే గానీ, ఎనిమిది గంటలు ఇంకొకడిగా ఉండి, అవతలివాడి తిట్లు ఆ దొంగ పేరుతో పడి, పొద్దున్నే సొంత పేరుతో ఇంటికి రావడం అందరికీ తేలిక కాలేదు. ఏడాదికి మూడో వంతు మంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, మానేసి వెళ్లిపోయేవారు. కంపెనీలకు అది సమస్యగా తోచినా, కొత్తవాళ్లు రైలెక్కి వస్తూనే ఉన్నారు. పీజీలకైతే మంచాలు నిండుతూనే ఉన్నాయి.

అక్కడ పోయిన చోట

ఇక్కడ మంచాలు నిండిన ప్రతిసారీ అక్కడ కొన్ని కుర్చీలు ఖాళీ అయ్యాయి. దాన్ని దాచనక్కర్లేదు. బ్రిటన్‌లో కాల్ సెంటర్లు ఎక్కువగా గనులు, ఓడల కర్మాగారాలు మూతబడిన ఊళ్లలో వెలిశాయి. ఒక పని పోయి ఇంకోటి దొరికిందనుకున్నవాళ్లకే మళ్లీ అది పోయింది. బ్రిటిష్ టెలికాం ప్రకటన తర్వాత అక్కడి కమ్యూనికేషన్ వర్కర్స్ యూనియన్ గాలి నింపిన ఒక గులాబీ రంగు ఏనుగును ఊరూరా తిప్పి నిరసన తెలిపింది. అమెరికాలో ఉద్యోగం తరలిపోయినవాణ్ణి "బెంగళూర్డ్" అనడం మొదలైంది. మన ఊరి పేరు ఒక తిట్టుపదం అయింది. 2009 మేలో అధ్యక్షుడు ఒబామా పన్నుల సంస్కరణ గురించి చెబుతూ, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఉద్యోగం కల్పించేవాడి కన్నా బెంగళూరులో కల్పించేవాడు తక్కువ పన్ను కట్టే పద్ధతి ఉందని విమర్శించారు. ఇక్కడి పత్రికలకు అది పతాక శీర్షిక అయింది.

అరుపులతో పెద్దగా ఏమీ మారలేదు. మార్చింది కస్టమర్లు. డెల్ 2003 నవంబరులోనే పెద్ద కంపెనీల కస్టమర్ల కాల్స్‌లో కొన్నింటిని బెంగళూరు నుంచి తిరిగి అమెరికాకు మళ్లించింది. ఫిర్యాదులు పెరిగాయన్నదే కారణం. సాంటాండర్ బ్యాంకు 2011లో బెంగళూరు, పుణెల నుంచి కాల్స్‌ను బ్రిటన్‌కు వెనక్కి తీసుకుపోయి అక్కడ 500 ఉద్యోగాలిచ్చింది. 2003లో అంత సందడిగా వచ్చిన బ్రిటిష్ టెలికాం, 2020 జనవరి నాటికి ఇళ్ల కస్టమర్ల కాల్స్ అన్నీ బ్రిటన్, ఐర్లాండ్‌లలోనే ఎత్తుతున్నామని చెప్పుకుంది. కంపెనీ రావడానికి ఇక్కడ కట్టింది ఏమీ లేదు. అద్దె భవనం, అద్దె లైను, అద్దె క్యాబ్. పోవడానికి కూడా ఒక స్విచ్ మార్చితే చాలు. కట్టింది మనం. సిమెంటు మనది, ఈఎంఐ మనది.

మనీలాకు కొంత, మన ఊళ్లకు కొంత

ఇక్కడి నుంచి పోయిన పనిలో ఎక్కువ భాగం అమెరికాకు తిరిగి వెళ్లలేదు. ఫిలిప్పీన్స్‌కు వెళ్లింది. అమెరికా పాలనలో అర్ధ శతాబ్దం ఉన్న దేశం, వాళ్ల ఇంగ్లీషు అమెరికా చెవికి దగ్గర. 2011 నాటి అంచనాల ప్రకారం అక్కడ కాల్స్ ఎత్తేవాళ్లు సుమారు 4 లక్షలు, భారత్‌లో సుమారు మూడున్నర లక్షలు. జనాభాలో మనలో పదో వంతు కూడా లేని దేశం మాట్లాడే పనిలో మనల్ని దాటిపోయింది. అదే 2011 మార్చి 31తో సాఫ్ట్‌వేర్ పార్కుల పన్ను మినహాయింపు కూడా ముగిసింది. మన దగ్గర మిగిలింది ఎక్కువగా చాట్, ఈమెయిల్, టెక్నికల్ సపోర్ట్, బిల్లులు సరిచూడడం వంటి వెనక గది పనులు.

రెండో కదలిక మన దేశం లోపలే. చిన్న ఊళ్లలో బీపీఓలు పెట్టేవారికి కేంద్రం ఒక పథకం తెచ్చింది. మొత్తం 48,300 సీట్లు, 493 కోట్ల రూపాయలు, సీటుకు లక్ష రూపాయల దాకా సాయం. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై వంటి మహానగరాలను దాని నుంచి పూర్తిగా మినహాయించారు. ఆంధ్రలో తిరుపతి వంటి చోట్ల సెంటర్లు వచ్చాయి. చిత్తూరు జిల్లా పిల్ల మడివాళ దాకా వచ్చి మంచం బాడుగ కట్టే అవసరం కొంత తగ్గింది. ఆ పిల్లకూ, ఆమె తల్లిదండ్రులకూ అది మంచిదే. మన పై అంతస్తుకు మంచిది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం.

మూడోది కరోనా. 2020 మార్చి లాక్‌డౌన్‌తో పీజీలు పది రోజుల్లో ఖాళీ అయ్యాయి. ఆపరేటర్లు తాళాలు తెచ్చి ఓనర్ చేతిలో పెట్టి, అడ్వాన్స్ తిరిగివ్వమని కూర్చున్నారు. అంతకన్నా ఎక్కువ కాలం నిలిచిన మార్పు ఒకటి అదే ఏడాది నవంబరులో కాగితం మీద జరిగింది. టెలికాం శాఖ కాల్ సెంటర్ నిబంధనలు సడలించింది, 2021 జూన్‌లో ఇంకా సడలించింది. అంతకుముందు ఇంట్లో కూర్చుని కాల్స్ ఎత్తడానికి అనుమతులు, బ్యాంకు గ్యారంటీలు కావలసివచ్చేవి. ఇప్పుడు ఏజెంటు అనంతపురంలోనో ఆదోనిలోనో ఇంట్లో కూర్చున్నా చట్టం ప్రకారం అతను సెంటర్లో ఉన్నట్టే. కరోనా తర్వాత అందరూ తిరిగొస్తారని ఎదురుచూసిన ఓనర్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆఫీసుకు పిలిచారు, కాల్స్ ఎత్తేవాళ్లను అంతగా పిలవలేదు.

మర మాట్లాడితే

మనీలా మీద కోపం తెచ్చుకున్నా అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు వచ్చినదానికి మంచం అక్కర్లేదు, భోజనం అక్కర్లేదు. 2023 జూలైలో దుకాన్ అనే బెంగళూరు కంపెనీ అధిపతి, తమ సపోర్ట్ సిబ్బందిలో 90 శాతాన్ని తీసేసి చాట్‌బాట్ పెట్టామని బహిరంగంగా ప్రకటించాడు. సమస్య తీర్చడానికి పట్టే సమయం రెండు గంటల పైనుంచి మూడు నిమిషాల చిల్లరకు దిగిందని, ఖర్చు 85 శాతం తగ్గిందని లెక్కలు చెప్పాడు. చెప్పిన తీరు చూసి చాలామంది తిట్టారు. లెక్కను మాత్రం మిగతా కంపెనీలు రాసుకున్నాయి. స్వీడన్‌కు చెందిన క్లార్నా 2024 ఫిబ్రవరిలో తమ ఏఐ 700 మంది ఏజెంట్ల పని చేస్తోందంది. 2025 వచ్చేసరికి ఆ కంపెనీ అధిపతే నాణ్యత తగ్గిందని ఒప్పుకుని మళ్లీ మనుషుల్ని తీసుకుంటామన్నాడు.

ఈ రెండూ కలిపి చూస్తే అర్థమయ్యేది ఇది: "నా ఆర్డర్ ఎక్కడుంది", "పాస్‌వర్డ్ మర్చిపోయాను", "డబ్బు వాపసు ఎప్పుడు" లాంటి ప్రశ్నలకు మనిషి అక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది ఇచ్చేది ఆ ప్రశ్నలే. కోపంగా ఉన్న కస్టమర్, చిక్కుముడి పడిన బిల్లు, మోసపోయిన ముసలివాడు, ఇవి మనిషి దగ్గరికే వస్తాయి. వాటికి మూడు నాలుగేళ్ల అనుభవం కావాలి. మొదటి మెట్టు తీసేస్తే పై మెట్టు మీదికి ఎవరు ఎలా ఎక్కుతారో కంపెనీలు ఇంకా చెప్పలేదు. మడివాళ పీజీలో మంచం తీసుకునేది ఎప్పుడూ ఆ మొదటి మెట్టు వాడే. అనుభవం వచ్చినవాడు పెళ్లి చేసుకుని సర్జాపుర రోడ్డులో ఫ్లాటుకు వెళ్లిపోతాడు.

అమెరికాలో మళ్లీ చట్టాల మాట వినబడుతోంది. 2025లో సెనేట్‌లో రెండు బిల్లులు వచ్చాయి. ఒకటి కాల్ సెంటర్లను విదేశాలకు మార్చే కంపెనీలకు ప్రభుత్వ సాయం ఆపాలని, ఫోన్ ఎత్తినవారు తామెక్కడున్నారో, మనిషో మరో చెప్పాలని అడుగుతుంది. రెండోది పని బయటి దేశానికి ఇచ్చినందుకు చెల్లించే సొమ్ము మీద 25 శాతం పన్ను వేయాలంటుంది. ఇలాంటి కాల్ సెంటర్ బిల్లులు 2011 నుంచి అక్కడ వస్తూ పోతూనే ఉన్నాయి, ఏదీ గట్టెక్కలేదు. వాట్సాప్‌లో "బెంగళూరు ఖాళీ" అని వచ్చే సందేశాలు నమ్మి సైటు తెగనమ్ముకోవాల్సిన పని లేదు. నా లెక్కలో చట్టం కన్నా చాట్‌బాటే దగ్గరి ప్రమాదం.

ఓనర్ లెక్క

ఒక ఉదాహరణ వేసుకుందాం. 30×40 సైటు మీద నాలుగు అంతస్తులు, అంతస్తుకు నాలుగు గదులు, గదికి ముగ్గురు. మొత్తం 48 మంచాలు. మంచానికి 8,000 అనుకుంటే, నిండితే నెలకు 3,84,000 వస్తుంది. మనిషికి తిండి ఖర్చు 3,000 చొప్పున 1,44,000 పోతుంది. వంటవాళ్లు, కరెంటు, ట్యాంకరు నీళ్లు, ఇంటర్నెట్‌కు 80,000 అనుకుందాం. మిగిలేది 1,60,000. బ్యాంకు ఈఎంఐ లక్ష కడితే చేతిలో 60,000. బాగానే ఉంది.

ఇప్పుడు మూడో వంతు మంచాలు ఖాళీ అయ్యాయనుకోండి. 32 మందికి 2,56,000 వస్తుంది, తిండికి 96,000 పోతుంది. వంటమనిషి జీతం, కరెంటు, నీళ్లు మాత్రం అంతే. మిగిలేది 80,000. మంచాలు మూడో వంతు తగ్గితే మిగులు సగమైంది, ఈఎంఐ కట్టడానికి ఇంటి నుంచి 20,000 వేయాలి. ఆపరేటర్‌కు లీజుకిచ్చాం కదా మనకేం అనుకునేవాళ్లు ఈ లెక్కను ఆపరేటర్ వైపు నుంచి చూడాలి. ఆరు నెలలు ఇలా నడిస్తే అతను చేసే పని 2020లో చేసిందే. లీజు పత్రంలో ముందుగా ఖాళీ చేస్తే ఎన్ని నెలల నోటీసు, అడ్వాన్స్‌లో ఎంత పట్టుకోవచ్చు అన్నవి రాయించుకోకుండా నోటిమాట మీద నడుపుతున్న ఇళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి.

దీనికి తోడు నిబంధనలు బిగిశాయి. 2024లో కోరమంగల పీజీలో జరిగిన హత్య తర్వాత అప్పటి బీబీఎంపీ ప్రతి మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు ఉండాలంది, సీసీటీవీ, ట్రేడ్ లైసెన్సు ఉండాలంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. ఆ లెక్కన ఇద్దరికి కూడా చాలదు, అందులో ముగ్గుర్ని పడుకోబెడుతున్నాం. జీఎస్‌టీ విషయంలో మాత్రం 2024 జూన్‌లో ఊరట దొరికింది. మనిషికి నెలకు 20,000 లోపు బాడుగ, కనీసం 90 రోజులు వరసగా ఉంటే పన్ను లేదు.

మరి కొత్త బాడుగదార్లు ఎవరు? విదేశీ కంపెనీలు ఇక్కడ సొంతంగా పెట్టుకునే కేంద్రాలు, జీసీసీలని పిలిచేవి, పెరుగుతున్నాయి. 2024 నాటి లెక్కల్లో దేశంలో అవి 1,700కు పైగా, వాటిలో 19 లక్షల మంది. బెంగళూరుదే పెద్ద వాటా. కానీ వాటిలో ఎక్కువ అవుటర్ రింగ్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్నాయి, వాటిలో చేరేవాడు ముగ్గురితో గది పంచుకోడు. ఒంటరి గది, సొంత బాత్‌రూమ్, బండి పెట్టుకునే చోటు అడుగుతాడు. 2025 ఆగస్టు 10న ఎల్లో లైన్ మెట్రో మొదలై సిల్క్ బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ట్రాఫిక్ బాధ తగ్గింది. దాంతో మడివాళలో ఉండి ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేయడం తేలికైంది. బొమ్మసంద్రలో తక్కువ బాడుగకు ఉండి ఇటు రావడమూ అంతే తేలికైంది. ఈ పరిస్థితిలో 48 మంచాల ఇల్లు ఉన్నవాళ్లు ఇంకో అంతస్తు వేయడం కన్నా, ఉన్న గదుల్ని 20 మంచి గదులుగా మార్చడమే తెలివైన ఖర్చని నా అభిప్రాయం. కొత్తగా అప్పు చేసేముందు ఒక పని చేయొచ్చు. మీ పీజీలో ఉన్నవాళ్లలో ఎంతమంది చాట్, కాల్స్ పనిలో ఉన్నారో, వాళ్లలో ఎంతమందికి ఇంటి నుంచి పనిచేసే వీలుందో ఆపరేటర్‌ను అడగండి. అతనికి తెలియకపోతే పిల్లల్నే అడగండి, చెబుతారు.

మన పిల్లలకు ఇందులో ఏముంది

విదేశీ కాల్స్ తగ్గినా దేశం లోపలి కస్టమర్ సర్వీస్ పెరిగింది. తిండి తెచ్చేవాళ్లు, సరుకులు తెచ్చేవాళ్లు, బ్యాంకులు, బీమా కంపెనీలు, అందరికీ తెలుగు, కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లు కావాలి. బెంగళూరు తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లకు ఈ నాలుగూ ఇంగ్లీషుతో కలిపి నోటికి వస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పక్కింట్లో తమిళం, బళ్లో హిందీ, ఇంగ్లీషు. విజయవాడలో పెరిగినవాళ్లకు కూడా ఇది దొరకదు. ఒకప్పుడు ఇదే నాలుకను "మాతృభాష ప్రభావం" అని తప్పు పట్టారు.

అయితే దీన్ని మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. ఈ పనికి జీతం విదేశీ కాల్స్ కన్నా తక్కువ, చాలాచోట్ల నెలకు 20 వేలకు అటూ ఇటూ. పాతికేళ్ల కింద 10 వేలకు ఈ ఊళ్లో గది, తిండి పోను ఇంటికి పంపగా మిగిలేది, ఇప్పుడు 20 వేలకు మంచం బాడుగ పోతే పెద్దగా మిగలదు. సొంత ఇంట్లో ఉండే మన పిల్లలకు ఆ మంచం ఖర్చు లేదు కాబట్టే ఈ జీతం గిట్టుతుంది. తెలుగు మాట్లాడే మరలూ వస్తున్నాయి. పైగా మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం, రాయడం రాదు. కాల్స్ పనికి మాట చాలు. చాట్ పనికి, చాట్‌బాట్ ఇచ్చిన తెలుగు జవాబు సరిగ్గా ఉందో లేదో చూసి దిద్దే పనికి మాట చాలదు. ఆ దిద్దే పనిలో మనిషికి చోటు ఇంకొన్నేళ్లు ఉండేట్టుంది, అక్షరాలు వచ్చినవాళ్లకు.